తుపాను ముందెఱుక

నిజాంపట్నము రేవులో ప్రమాదసూచిక లెత్తుట మీలో పెక్కురు చూచియే యుందురు. 1వ నంబరు ఎత్తిరనిన దూరసముద్రమున వాయుగుండము పుట్టినదని యర్థము. 10వ నంబరు ఎత్తిరనిన పెనుతుపాను ఆ రేవు మీదుగనో దాని దాపుననో దాటగలదని యర్థము. వీనికి పైన 11వ నంబరొకటి కలదు. హెచ్చరిక కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినది, గండము రానున్నదని ఇచటి అధికారి తలంచుచున్నాడు, అని దాని భావము. పదింటికంటెను నాకు ఎక్కువ భయము గొలుపునది ఈ పదునొకండవదియే. గాలికంటె ముందుగా మాట వచ్చుటయే మనకు రక్ష. ఆ మాట తెగిన నాడు మనము మన తాతల కాలమునకు పోయినట్లే.

మన పూర్వులు వానను గూర్చి ఎఱుగని వారు కారు. వరాహమిహిరుడు తన బృహత్సంహితయందు మేఘగర్భ లక్షణములను చెప్పి, మూరెడు వెడల్పు గల పాత్రను వానలో నుంచి వర్షమును కొలుచు పద్ధతిని గూడ వివరించెను. మా గురువుగారు ఈ భాగము చెప్పునప్పుడు వారి కన్నులు మెఱయుచుండెడివి. ఆ గర్వము తగినదే. కాని ఆ లక్షణములు ఏటి వర్షమును గూర్చి చెప్పునవి. ఏ దినమున, ఏ జామున, ఏ ఊరిమీదికి సముద్రము లేచి వచ్చునో చెప్పునవి కావు. తీరమున పల్లెవారు అలల పోకను, గాలి దిక్కును చూచి కొంత పసికట్టగలరు. అది యొక పూటకు మించిన గడువు కాదు.

1864వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన కలకత్తాను గొప్ప తుపాను పాడుచేసెను. మఱుసటి నెలలోనే మన మచిలీపట్టణముపై ఉప్పెన విఱుచుకొనిపడి సుమారు 30,000 మందిని పొట్టను పెట్టుకొనెను. సైక్లోను అను పేరు అప్పటికే, అనగా 1848లోనే, కలకత్తాలో నుండిన పిడింగ్టను అను నాతడు పెట్టి యుండెను. తంతి తీగెలును దేశమున నాటుకొనియే యుండెను. ఆ శాస్త్రమును ఈ తీగెను ముడివేయు యేర్పాటు మాత్రము లేకుండెను. పిమ్మట కఱవులు కూడ తోడుకాగా, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడెను.

ముడివేసినంత మాత్రమున ఏమి లాభమని మీరడుగవచ్చును. ఇచట నొక కిటుకు కలదు. తుపాను బొంగరము వంటిది. దానిలోని గాలి గంటకు 200 కిలోమీటర్ల వడితో తిరుగవచ్చును గాని, బొంగరము మాత్రము సముద్రముపై సాధారణముగా గంటకు 10, 15 కిలోమీటర్ల చొప్పుననే కదలును. సైకిలు తొక్కు వాని నడక యన్నమాట. వార్త యన్ననో, తంతిమీద నైనను ఆకాశవాణి మీద నైనను కనుఱెప్ప పాటులో వచ్చును. ఆ రెంటి వడులకు గల భేదమే మనకు దక్కిన గడువు.

ఇక దీని పుట్టుక. సముద్రపు పైనీరు 26 డిగ్రీలకు మించి కాగినప్పుడు ఆవిరి మెండుగా పైకి లేచును. పైన చల్లబడి మబ్బగునప్పుడు ఆ ఆవిరిలో దాగిన వేడిమి వెలికి వచ్చి గాలిని మఱింత తేలిక చేయును. క్రింద ఏర్పడిన వెలితిని నింపుటకు నలుదెసల గాలి పరుగెత్తును. భూమి తిరుగుటచేత ఆ పరుగు వంకరలు పోయి, మన ఉత్తరార్ధమున గడియారపు ముల్లునకు ఎదురుగా సుడి తిరుగును. నడుమ కన్ను. కన్ను మీదికి వచ్చినప్పుడు గాలి నిలిచిపోవును. గండము గడచెనని జనులు బయటికి వత్తురు. కొంతసేపటికి ఎదురుదిక్కునుండి గాలి మఱల పెల్లగించును. ఈ మోసము తెలియక పోయిన ప్రాణములు లెక్కకు మిక్కిలి.

మఱియొక సంగతి మన తీరమువారు తప్పక ఎఱుగవలసినది. తుపాను తూర్పునుండి వచ్చి ఒడ్డు దాటునప్పుడు దాని కుడిప్రక్కన, అనగా ఉత్తరపు వైపున, గాలి సముద్రమునుండి నేలమీదికి వీచుచు నీటిని త్రోసికొని వచ్చును. ఎడమప్రక్కన గాలి నేలనుండి సముద్రమునకు వీచును. కావున తుపాను దాటిన చోటు వేఱు, ఉప్పెన ముంచిన చోటు వేఱు కావచ్చును.

1977 నవంబరు 19, శనివారమున జరిగినది ఇదియే. తుపాను చీరాల చెంత తీరము దాటెను. దానికి ఉత్తరమున నున్న దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టెను. మృతులు సుమారు 10,000 అని ప్రభుత్వపు లెక్క. నేనప్పుడు పదునేడేండ్లవాడను, తెనాలిలో సంస్కృతము చదువుచుంటిని. ఆ రాత్రి పెంకులు ఎగిరిపోవుచుండగా మేము విద్యార్థులము గోడవార నొదిగి కూర్చుంటిమి. మా మేనత్తను కృష్ణకు ఆవలి గట్టున, పెనుమూడి రేవు దాటి పోవలసిన యొక పల్లెకు ఇచ్చి యుండిరి. ఆ యింట మిగిలినవాడు మామయ్య యొక్కడే, తాడిచెట్టును కౌగిలించుకొని. రేడియో గల యింట హెచ్చరిక వినబడెనని ఆయన చెప్పెను. వారము దినముల క్రిందట వచ్చిన తుపాను దక్షిణముగా పోయి నాగపట్టణము కడ దాటెను గదా, ఇదియు నట్లే పోవునని ఊరివారు అనుకొనిరట. నమ్మినను పోవుటకు గట్టి కట్టడము లేదు. వార్త వచ్చినది, వార్తకు తగిన నెలవు లేదు.

ఆ పిమ్మట తీరమున తుపాను రక్షణ భవనములు లేచినవి. 1983లో ఇన్సాట్ 1-బి ఉపగ్రహము పైకెక్కి మబ్బుల చిత్రములు పంపసాగెను. మచిలీపట్టణపు రాడారు తుపాను కంటిని కనిపెట్టసాగెను. 1990 మే 9వ తేదీన కృష్ణాముఖమున అంతటి పెనుతుపాను దాటగా, లక్షన్నరకు పైబడిన జనులను ముందే తరలించిరి. పోయినవారు వేయిమందికి లోపు. ఆ వేయియు చిన్న సంఖ్య కాదు గాని, పదివేలను ఎఱిగిన మాకు ఆ భేదము తెలియును. ఇప్పుడు 48 గంటల ముందు జాగ్రత్త, 24 గంటల ముందు హెచ్చరిక, అని క్రమము తప్పక వెలువడుచున్నవి. దండోరాకు బదులు ప్రతివాని జేబులోని సెల్ ఫోనే మ్రోగుచున్నది.

2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను మన బాపట్ల చేరువనే దాటెను. ఈ మాఱు మా యూరిలో హెచ్చరికను పరిహసించిన వా డొక్కడును లేడు. పల్లపు వాడల వారు బియ్యము మూటలతో, కోళ్ల గంపలతో బడికి చేరిరి. ముసలివారు గొడ్లను విడిచి రామని మొరాయించిరి గాని, పలుపులు కోసి వదలుటకు తుదకు ఒప్పుకొనిరి. మనుష్యులు మిగిలిరి. పైరు మిగులలేదు. కోతకు వచ్చిన వరి నేలకొఱగి నీట నానెను, కోసిన పనలు తేలెను.

దీనిలో నాకు కలుక్కుమనిన సంగతి యొకటి చెప్పి ముగింతును. హెచ్చరిక అందఱికి ఒక్క గడియలోనే అందెను. కోతయంత్రము మాత్రము అందఱికి ఒక్క గడియలో అందలేదు. రెండు దినముల గడువులో ఊరికి వచ్చిన యంత్రములు కొన్నియే, బాడుగ రెట్టింపాయెను. రొక్కము చేత నున్నవాడు ముందు కోయించుకొని పట్టాలు కప్పించుకొనెను. మా వీధి చివరి కౌలుదారు, ఎకరమునకు ఇన్ని బస్తాలని మక్తా ఒప్పుకొన్నవాడు, ఫోను చేతబట్టుకొని గట్టుమీద నిలిచి, తుపాను ఎంత దూరమున నున్నదో గంట గంటకు చూచుకొనుచు యంత్రమునకై ఎదురుచూచుచుండెను. వానకు ముందు రాత్రి పదిగంటల వేళ నేను పోయి చూచునప్పటికి యంత్రము ప్రక్క చేనిలోనే యుండెను.