ఇప్పనూనె సబ్బును మాగవేయు వెచ్చదనము

బయ్యారము పేరు వినగానే చదువరులకు రెండు విషయములు స్ఫురించును: కాకతీయ గణపతిదేవుని సోదరియగు మైలాంబ కట్టించిన పెద్దచెరువు ఒకటి, ఆ కొండలలోని ఇనుపరాయి మరియొకటి. ఈ రెండింటి ప్రసిద్ధి చాటున మరుగుపడిన మూడవ సంపద ఇప్పచెట్టు. చైత్రమాసపు తెల్లవారుజామున రాలిన పువ్వును కోయలు బుట్టల కెత్తుకొనుట అందరెరిగినదే కాని, ఎండలు ముదిరి తొలకరి పడునాటికి పండిన కాయలలోని గింజలను ఎండబెట్టి, పగులగొట్టి, పలుకును దంచి పిండిన నూనె యొకటి కలదని పట్టణవాసులలో ఎరిగినవారు కొందరే. పలుకు తూకములో ఇంచుమించు సగము నూనెయే. వంటకును దీపమునకును తరతరములుగా వాడుకకు వచ్చిన ఈ నూనె చలికాలమున నెయ్యివలె పేరుకొనును, వేసవిలో కరగి పారును. ఇట్లు పేరుకొను గుణముగల నూనెలు గట్టి సబ్బునకు తగినవి.

క్షారమును వేడిమియు కలిసిన మురికి వదలునను సంగతి మన పల్లెలకు క్రొత్తగాదు. సౌడుమట్టి నీటిలో ముంచిన బట్టలను రజకులు చాకిబానపై పేర్చి రాత్రియంతయు ఆవిరి పట్టించి, మరునాడు చెరువుగట్టున బండపై ఉతికెడివారు. సబ్బు తయారీలోనైతే ఆ క్షారమే నూనెతో కలిసి క్రొత్త పదార్థమగును. నూనెయనునది కొన్ని ఆమ్లములును గ్లిజరినును పెనవేసుకొన్న పదార్థమనియు, క్షారము ఆ పెనను విప్పి ఆమ్లములను తాను పట్టుకొని గ్లిజరినును విడిచిపెట్టుననియు ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రోల్ 1823లో వెలువరించిన గ్రంథమున నిరూపించెను. ఈ చర్య తనంతట తానే వేడి పుట్టించుకొనును; చుట్టును వెచ్చగా నుంచినచో మరింత వేగిరపడును. పది డిగ్రీల వేడి పెరిగిన కొలది రసాయనచర్యల వేగము సుమారు రెట్టింపగునను స్థూలసూత్రము ఇచ్చటను వర్తించును.

ఇంట చేయదలచినవారికి కొలత ముఖ్యము. ఇప్పనూనె 700 గ్రాములు, కొబ్బరినూనె 300 గ్రాములు తీసికొన్నచో కాస్టిక్ సోడా 140 గ్రాములును నీరు 280 గ్రాములును సరిపోవును. అప్పుడు కొంత నూనె మిగిలి చర్మమునకు మృదుత్వము నిచ్చును. తూకమునకు త్రాసే వాడవలెను గాని గ్లాసుల లెక్క పనికిరాదు. సోడాను నీటిలో వేయవలెను; సోడాపై నీరు పోయరాదు, అట్లు చేసిన పొంగి మీద పడును. మన ఇండ్లలో సిల్వరు గిన్నెలని పిలుచు అల్యూమినియము పాత్రలను సోడా తినివేయును, కావున స్టీలు పాత్రయే శరణ్యము. కన్నులకు అద్దములు, చేతులకు తొడుగులు ఉండవలెను. పిల్లలను ఆ గది దరికి రానీయరాదు. ఒంటిపై చుక్క పడినచో నిమ్మరసము జోలికి పోక ధారాళముగా నీటితో కడుగవలెను.

చల్లారిన సోడానీటిని గోరువెచ్చని నూనెలో పోసి కలుపుచుండగా మిశ్రమము క్రమముగా జావవలె చిక్కబడును. గరిటెతో జారవిడిచిన ధార ముగ్గుగీతవలె క్షణకాలము పైన నిలిచిన, అదియే అచ్చులో పోయదగిన అదను. కొయ్యపెట్టెకు లోపల బటర్ పేపరు పరచి పోయవలెను. ఓవెనును 75 డిగ్రీలవరకు వేడిచేసి ఆర్పివేసి, ఈ పెట్టెను అందులోనుంచి తలుపు మూసి మరునాటి ఉదయమువరకు వదలివేయవలెను. కొంతసేపటికి తెల్లని ముద్ద నడుమనుండి తేటపడి, తాటిముంజవలె మసక మెరుపు పొంది, ఆ మెరుపు అంచులకు ప్రాకును. ఆ దృశ్యమును ఎన్నిసార్లు చూచినను నాకు తనివి తీరదు. ఊరక వదలిన ఒకటి రెండు దినములు పట్టు చర్య ఈ వెచ్చదనమున ఒక్కరాత్రిలో ఇంచుమించు ముగియును. సబ్బు తెల్లవారుసరికి కోతకు వచ్చును. మైక్రోవేవు ఈ పనికి తగదు.

అయితే వేడి ఎక్కువైనచో చేటు. మొదటిసారి వైశాఖమాసపు మధ్యాహ్నమున, ఓవెను చల్లారకుండ ఉండవలెనని నేను దానిని వెలుగుచుండగనే వదలి పోతిని. తిరిగి వచ్చి చూచిన ముద్ద నడుమ పగిలి, పొంగి, పెట్టె అంచుదాటి క్రిందికి కారియుండెను. మన ఎండకాలమున గది వెచ్చదనమే చాలునని ఆనాడు తెలిసినది. పైభాగము ఉబ్బి పగుళ్ళు వారుచున్నచో వెంటనే తలుపు తెరచి గాలి తగులనీయవలెను.

ఓవెను లేని ఇల్లు చింతింపనక్కరలేదు. మన పెద్దలు మామిడికాయలను వరిగడ్డిలో మాగవేసినట్లే, అచ్చును మూతపెట్టి గొంగడితో చుట్టి, గడ్డిలోనో ఊకలోనో ఒక రాత్రి యుంచిన చాలును. లోపల పుట్టిన వేడిని బయటికి పోనీయకుండుటయే ఓవెను చేయు మేలు. ఆ మేలును గొర్రె ఉన్ని గొంగడి కాసింత నెమ్మదిగానైనను చేయగలదు. దట్టమైన పెద్ద అచ్చులకు ఈ ఉపాయము మరింత బాగుగా పనిచేయును. చిన్న అచ్చులు త్వరగా చల్లారును.

ఇక ఒక మాట మరువరాదు. వెచ్చదనము సబ్బును త్వరగా పుట్టించును గాని త్వరగా ఆరజేయదు. కోసిన బిళ్ళలను గాలి తగులు నీడపట్టున, ఒకదానికొకటి తగులకుండ నాలుగు వారములు పేర్చియుంచుడు. ఒక బిళ్ళపై గుర్తుపెట్టి వారమున కొకసారి తూచుడు. రెండు వారములు వరుసగా తూకము మారకున్న దినమున ఆ సబ్బు స్నానమునకు సిద్ధమైనది.