బరువు మోసే పట్టీలు

చెన్నై నుంచి తిరుపతికి పోయే రోడ్డు, ఒకప్పటి 205, ఇప్పటి 716 జాతీయ రహదారి, తిరువళ్లూరు, తిరుత్తణి దాటి నగరి దగ్గర ఆంధ్రలో అడుగుపెడుతుంది. ఆ దారి మీద చెరకు, ఇటుకలు, కూరగాయలు, మరమగ్గాల బట్టల మూటలు మోసేది ఎక్కువగా పికప్ బండ్లే. వాటిలో కొన్ని పుట్టింది కూడా తిరువళ్లూరు జిల్లాలోనే. తిరువళ్లూరు దగ్గర హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల ఫ్యాక్టరీలో 1998 నుంచి మిత్సుబిషి లాన్సర్ కార్లు తయారయ్యేవి. 2013లో జపాన్ కంపెనీ ఇసుజు అదే ఫ్యాక్టరీతో ఒప్పందం చేసుకుని తన డి-మాక్స్ పికప్‌ను అక్కడ తయారు చేయించింది. హిందుస్థాన్ మోటార్స్, ఇసుజుల చెలిమి పాతదే. హిందుస్థాన్ కార్లయిన తర్వాతి కాంటెస్సాలోనూ, అంబాసిడర్ 1800లోనూ తిరిగింది ఇసుజు ఇంజనే. 2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో సొంత ఫ్యాక్టరీ మొదలయ్యాక ఇసుజు సరిహద్దు దాటి ఆంధ్రకు వచ్చేసింది. తిరువళ్లూరులో తయారైన ఆ మొదటి పికప్పులు ఇప్పుడు పాతబండ్లు. ఆ వయసుకు, సరిగ్గా చూసుకున్న ఇంజను ఇంకా గట్టిగానే ఉంటుంది. ముందు నలిగేది కింది సామాను: ఉక్కు పట్టీలు పేర్చిన కమాన్ కట్టలు, బుష్షులు, షాకబ్జార్బర్లు, బాల్ జాయింట్లు.

వీటిలో కమాన్ కట్ట అన్నిటికంటే ముసలిది, ఇంజను కంటే కూడా. లండన్‌లో గుర్రపు బగ్గీలు కట్టే ఒబడయా ఎలియట్ 1804లో, ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి, అటూ ఇటూ వంచి కోడిగుడ్డు ఆకారంలో కలిపే స్ప్రింగుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు బగ్గీ పెట్టెను తోలుపట్టాలతో వేలాడదీసేవాళ్లు. ఎలియట్ స్ప్రింగు వచ్చాక బండి తేలికైంది, ఊగడం తగ్గింది. 1908 ఫోర్డ్ మోడల్ టీకి ముందొకటి, వెనకొకటి, అడ్డంగా పెట్టిన కమాన్ కట్టలే ఆధారం. 1925లో ఫోర్డ్ ఫ్యాక్టరీ నుంచే తొట్టితో సహా వచ్చిన మోడల్ టీ పికప్ కూడా ఆ కట్టల మీదే నిలబడింది.

ఇన్ని పట్టీలు ఎందుకు, ఒకే మందపాటి పట్టీ పెడితే పోదా అని అడగొచ్చు. రెండు కొసలూ ఆనించి నడుమ బరువు పెట్టిన ఉక్కు పట్టీలో వంపు ఒత్తిడి నడుమ ఎక్కువ, కొసల దగ్గర సున్నా. కాబట్టి ఉక్కు కూడా నడుమ ఎక్కువ కావాలి, కొసలకు పోనుపోను తగ్గాలి. పొడవు తగ్గుతూ పోయే పట్టీలను పేరిస్తే జరిగేది అదే. మందం సంగతి ఇంకొకటి. పట్టీ ఎంత మందమైతే, అదే వంపుకు దాని ఒక పక్క చర్మం అంత ఎక్కువ సాగాలి, రెండో పక్క చర్మం అంత ఎక్కువ కుంచించుకోవాలి. సన్నపు పట్టీలు ఎక్కువ వంగినా విరగవు. పైగా అవి ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఊపును కొంత తినేస్తాయి.

స్ప్రింగు చేసే పని తిరుత్తణి కొండ ఎక్కే భక్తుడి భుజం మీద కావడి బద్ద చేసే పనే. 1991లో రాడ్జర్ క్రామ్ అనే అమెరికా శాస్త్రవేత్త, వంగే కర్రకు బరువులు కట్టి మోస్తూ పరిగెత్తితే ఒంటికి ఏమవుతుందో కొలిచాడు. ఖర్చయ్యే శక్తి ఏమీ తగ్గలేదు. భుజం మీద పడే గరిష్ఠమైన దెబ్బ మాత్రం బాగా తగ్గింది. బండికీ అంతే. కమాన్ కట్ట బరువును తగ్గించదు. గుంతలో చక్రం పడ్డ క్షణంలో ఛాసిస్ మీద పడే పెద్ద దెబ్బను విడగొట్టి, కాస్త ఆలస్యంగా, చిన్నచిన్నగా అందిస్తుంది. ఈ వంగే గుణం పోతే దాన్ని పెట్టిన పనే పోయినట్టు.

అదే తిరువళ్లూరు ఫ్యాక్టరీలో ఇప్పుడు సిట్రోయెన్ కార్లు తయారవుతున్నాయి. ఈ ఫ్రెంచి కంపెనీది సస్పెన్షన్ల చరిత్రలో పెద్ద పేరు. దున్నిన పొలంలో నడిపినా బుట్టలో కోడిగుడ్లు పగలకూడదన్న షరతుతో పుట్టిన 2సీవీని 1948లో జనం ముందు పెట్టింది. 1955లో డీఎస్ కారుకు ఉక్కు స్ప్రింగులు తీసేసి నూనె, వాయువులతో పనిచేసే ఏర్పాటు పెట్టింది. అయినా బరువు మోసే పికప్పుల వెనక భాగానికి కమాన్ కట్టే మిగిలింది. చవక అన్నది ఒక కారణం మాత్రమే. కాయిల్ స్ప్రింగు బరువును ఆపుతుంది కానీ ఇరుసును పట్టుకోలేదు, దానికి వేరే చేతులు కావాలి. కమాన్ కట్ట బరువు మోస్తుంది, ఇరుసు పక్కకు జారకుండా పట్టుకుంటుంది, చక్రాలు ముందుకు తోసే తోపును ఛాసిస్‌కు అందిస్తుంది, బ్రేకు కొడితే ఇరుసు మెలి తిరగకుండా ఆపుతుంది. ఇన్ని పనులు ఒంటి చేత్తో చేసే భాగం బండిలో ఇంకొకటి కనబడదు. అందుకే నాకు దానిమీద అంత గౌరవం.

ఇన్ని పనుల భారమూ చివరికి వెళ్లి ఆనేది చిన్న రబ్బరు ముక్కల మీద. మెయిన్ పట్టీ రెండు కొసలా చుట్టిన కన్నుల్లో ఉండే బుష్షులవి. ఒక కొస ఛాసిస్‌కు పిన్నుతో బిగిసి ఉంటుంది. రెండో కొస షాకిల్ అనే ఊగే కొక్కేనికి వేలాడుతుంది, ఎందుకంటే కట్ట చదునైనప్పుడల్లా పొడవు పెరుగుతుంది, అది కదలడానికి చోటు కావాలి. చవకైన సామాను ఇదే, ముందు పోయేదీ ఇదే. ఎండకు, నూనెకు, దుమ్ముకు రబ్బరు పగిలిపోతుంది. ఇనుము ఇనుముకు తగిలి టక్ టక్ మంటుంది. ఆ శబ్దాన్ని పట్టించుకోకపోతే పిన్ను అరుగుతుంది, తర్వాత కన్ను సాగుతుంది, ఇరుసు కొద్దిగా వంకరపోతుంది, టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి. షాకబ్జార్బర్ నూనె కార్చేసిందంటే స్ప్రింగు ఊపును ఆపేవాడే ఉండడు, ప్రతి గుంతకూ పట్టీలు రెండు మూడు సార్లు అదనంగా వంగుతాయి. ఉక్కు అలసేది అలాగే. పగులు ఎక్కువగా, పట్టీలన్నిటినీ నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరో, పొట్టి పట్టీ కొస పొడుగు పట్టీని నొక్కే చోటో మొదలవుతుంది.

అప్పుడు షెడ్డులో వినబడే మాట ఒకటుంది: "ఇంకో పట్టీ యేసెయ్‌నా, లోడు బాగా పడతాది." తిరుత్తణిలోనూ ఇదే మాట, నగరిలోనూ ఇదే. 1960 ఏప్రిల్ 1 దాకా రెండూ చిత్తూరు జిల్లాలోనివే కదా. ఈ అలవాటు మానాలని గట్టిగా చెబుతాను. పట్టీ చేరిస్తే కట్ట బిరుసెక్కుతుంది, ఆ పట్టీ మందమైనదైతే మరీను. ఒక్కో పట్టీ బిరుసు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం పదో వంతు పెరిగితే బిరుసు మూడో వంతు పెరుగుతుంది. లోడు లేనప్పుడు బిరుసు కట్ట వంగదు, చక్రం రోడ్డు వదిలి ఎగురుతుంది, ఎగిరిన చక్రానికి బ్రేకు పట్టదు. స్ప్రింగు తినాల్సిన దెబ్బ ఛాసిస్ తింటుంది, రివెట్ల దగ్గర బీటలు వస్తాయి. ఇంకో ప్రమాదం కంటికి కనబడదు. చాలా పికప్పుల్లో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఎత్తును చూసి వెనక బ్రేకు ఒత్తిడిని నిర్ణయించే వాల్వు ఉంటుంది. అదనపు పట్టీతో వెనక భాగం లేస్తే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుంటుంది, నిండు లోడులో కూడా వెనక బ్రేకును తగ్గించేస్తుంది. విరిగిన పట్టీకి వెల్డింగు చేయడం ఇంకా ఘోరం. ఆ వేడికి స్ప్రింగు ఉక్కు పదును పోతుంది, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.

సరైన పని నెమ్మదైన పని. జాకీ మీద బండిని నమ్మి కిందికి దూరకూడదు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, ఇరుసును వేరే జాకీతో ఆపాలి. తుప్పు బోల్టులకు ముందు రోజే నూనె కొట్టి ఉంచితే సగం తిట్లు తప్పుతాయి. కట్ట ఒక పక్క విరిగినా రెండు పక్కలా మార్చాలి. కొత్తదీ పాతదీ ఒకే ఎత్తులో నిలబడవు. కట్టను ఇరుసుకు బిగించే యూబోల్టులు బిగింపుకు సాగి ఉంటాయి కాబట్టి పాతవి మళ్లీ వేయకూడదు. సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే ఇరుసు ముందుకో వెనక్కో జరిగి బండి ఒక పక్కకు లాగుతుంది. షాకబ్జార్బర్లూ జతగానే మార్చాలి. ముందు చక్రాన్ని లేపి పైనా కిందా పట్టి ఊపితే బాల్ జాయింటు లూజు చేతికి తెలుస్తుంది. అది మార్చాక అలైన్‌మెంటు తప్పనిసరి. కొన్ని బండ్లకు ముందు, స్ప్రింగులా మెలి తిరిగే టార్షన్ బార్లుంటాయి. అవి కుడి ఎడమలు మారిస్తే విరగొచ్చు, ఎందుకంటే తయారీలోనే ఒక్కో దానికి ఒక్కో వైపు మెలి అలవాటు చేసి ఉంటారు.

తొందరలో ఎక్కువ మంది దాటేసేది ఒక్కటుంది. బుష్షు బోల్టులను బండి గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదు. అప్పుడు కట్ట వేలాడుతూ ఉంటుంది, రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుపోతుంది. బండి దించగానే అది మెలితిరిగి, నడిచినంతకాలం ఆ మెలితోనే ఉండి, కొద్ది నెలల్లో చిరుగుతుంది. ముందు చేతికి ఆగేంత బిగించి, బండిని నాలుగు చక్రాల మీద దించి, రెండు మూడు సార్లు ఊపి, అప్పుడు పూర్తి బిగింపు ఇవ్వాలి. యూబోల్టుల కింద రంగు, తుప్పు నలిగి సర్దుకుంటాయి కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక వాటిని టార్క్ రెంచితో మరోసారి చూసుకోవాలి.