రంగస్థలమెక్కిన ఓరుగల్లు చరిత్ర

కాకతీయ ప్రభువు ప్రతాపరుద్రుడిని నాయకుడిగా చేసి వేదం వేంకటరాయశాస్త్రి రచించి 1897లో వెలువరించిన ‘ప్రతాపరుద్రీయం’, తెలుగు చారిత్రక నాటకానికి, అంటే గతంలోని రాజులను, సంఘటనలను ఇతివృత్తంగా గ్రహించే రూపకానికి, బలమైన పునాది వేసింది.

1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన తరువాత, బందీగా వెళుతున్న ప్రతాపరుద్రుడు నర్మదాతీరంలో మరణించాడని విలస శాసనం తెలుపుతుండగా, నాటకంలో మాత్రం మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ చేరి, తన బుద్ధిబలంతో ప్రభువును విడిపించుకుని వస్తాడు. చరిత్ర మిగిల్చిన పరాభవాన్ని కల్పన ఇలా విజయంగా మలచడం పరాయి పాలనలో ఉన్న నాటి ప్రేక్షకులకు ఎంతో ధైర్యమిచ్చి ఉంటుంది.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో సంస్కృత పండితుడైన శాస్త్రి, వచన రచనలో గ్రాంథికాన్నే సమర్థించినా, నాటకంలో పాత్రోచిత భాషను, అనగా ఒక్కో పాత్రకు దాని చదువుకూ వృత్తికీ తగిన పలుకుబడిని వాడారు. అందువల్లనే చాకలి పేరిగాడి మాట పండితుల మాటకు భిన్నంగా, సజీవంగా వినిపిస్తుంది. నాటకం పుస్తకానికే పరిమితం కారాదని భావించిన ఆయన నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజాన్ని నెలకొల్పి, నటులకు స్వయంగా శిక్షణనిచ్చి ప్రదర్శనలు నడిపించారు. రచయిత పాండిత్యమూ నటుల సాధనా అలా ఒక్కటైనందువల్లనే ఓరుగల్లు కథ సామాన్య ప్రేక్షకులకు చేరువైంది.