బీకాం చదివితే ఉద్యోగం వస్తుందా? డిగ్రీకి ఇంటర్న్‌షిప్ తోడైతే దారి తేలిక

ఇంటర్ సీఈసీ పూర్తి చేసిన పిల్లలు బీకాం, బీబీఏ ఫైనాన్స్‌లో చేరతామంటే చాలా ఇళ్లలో అమ్మీ-అబ్బా అడిగే మొదటి ప్రశ్న ఇదే: "ఈ చదువుతో ఉద్యోగం వస్తుందా?" అబ్బాయైతే మూడేళ్లు ఎందుకు, గల్ఫ్‌లో ఉన్న మామూ దగ్గరికి పంపేద్దామంటారు. అమ్మాయైతే ఇంటి దగ్గరి కాలేజీలో ఏదో ఒక డిగ్రీ చాలనుకుంటారు.

నిజం చెప్పాలంటే, ఒట్టి పట్టాతో ఉద్యోగం కష్టమే. చదువుతుండగానే కొన్ని నెలలు ఆఫీసులో కూర్చుని లెక్కలు చూసిన పిల్లలకు మాత్రం పరిస్థితి వేరుగా ఉంటుంది.

క్లాసులో ఒకటి, ఆఫీసులో ఒకటి

కాలేజీలో డెబిట్-క్రెడిట్, బ్యాలెన్స్ షీట్, కాస్టింగ్, ఇన్‌కమ్ ట్యాక్స్ నేర్పుతారు. ఇది పునాది. ఆఫీసులో పని తేదీల మీద నడుస్తుంది. నెలనెలా రిటర్న్ వేసే వ్యాపారి 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1, 20లోగా జీఎస్టీఆర్-3బి వేయాలి. సప్లయర్ బిల్లు నంబరు తప్పు వేస్తే ఇన్‌పుట్ క్రెడిట్ ఆగిపోతుంది. పుస్తకంలో ఉన్న మొత్తం బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో కలవకపోతే తేడా ఎక్కడుందో వెతకాలి. ఇంటర్వ్యూలో "బ్యాంక్ రీకన్సిలియేషన్ ఎలా చేస్తారు?" అని అడిగితే, పుస్తకంలో చదివిన పిల్లాడు నిర్వచనం చెప్తాడు. చేసిన పిల్లాడు తనకు ఎదురైన తేడా గురించి చెప్తాడు. కంపెనీకి కావాల్సింది ఈ రెండోవాడే.

ఎక్కడెక్కడ అవకాశం ఉంది?

ఆంధ్రప్రదేశ్: 2020-21లో తెచ్చిన డిగ్రీ సిలబస్‌లో మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, రెండో ఏడాది తర్వాత చిన్న ఇంటర్న్‌షిప్, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం పని. చాలామంది దీన్ని సంతకాల తంతుగా ముగించేస్తారు. అదే నష్టం.

తెలంగాణ: డిగ్రీ అడ్మిషన్లు 'దోస్త్' ద్వారా జరుగుతాయి. కాలేజీ ఎంచుకునే ముందే అక్కడ ఇంటర్న్‌షిప్ ఉందా, గతేడాది పిల్లలు ఎక్కడ చేశారు అని అడగాలి. బ్యాంకింగ్, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ రంగాల కోసం 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం నైపుణ్య శిక్షణ మొదలుపెట్టింది. అది మీ కాలేజీలో ఉందేమో కనుక్కోండి. ఉర్దూ మీడియం పిల్లలకు గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీలో కామర్స్ కోర్సులున్నాయి.

సీఏ: 2023 జులై నుంచి ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. కామర్స్ డిగ్రీలో 55 శాతం వస్తే ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్మీడియట్‌కు రిజిస్టర్ కావచ్చు. స్టైపెండ్ కొద్దిగానే ఉంటుంది కానీ ఆడిట్, స్టాక్ వెరిఫికేషన్, టీడీఎస్ అన్నీ చేతికి అలవాటవుతాయి.

అప్రెంటిస్‌షిప్: డిగ్రీ పూర్తయినవాళ్లు కేంద్ర ప్రభుత్వ 'నాట్స్' పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. 2019 నిబంధనల్లో డిగ్రీ ఉన్న అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించారు.

పెద్ద కంపెనీ దొరక్కపోతే దిగులు వద్దు. బస్తీలోని ట్యాక్స్ ప్రాక్టీషనర్ దగ్గర సెలవుల్లో రెండు నెలలు కూర్చున్నా చాలు. చాచా బట్టల దుకాణం లెక్కలు ట్యాలీలో ఎక్కించినా, మస్జిద్ కమిటీ జమాఖర్చులు ఎక్సెల్‌లో సరిచేసినా అది అనుభవమే.

వడ్డీ మాటేమిటి?

ఫైనాన్స్ అనగానే చాలామంది పెద్దలకు వచ్చే సందేహం ఇది. ఫైనాన్స్ అంటే లోన్లు అమ్మడం ఒక్కటే కాదు. ఆడిట్, జీఎస్టీ, కాస్ట్ అకౌంటింగ్, పేరోల్, కంపెనీల బడ్జెట్ విభాగం, ఇవన్నీ ఇందులోని పనులే. షరియా నిబంధనలు పాటించే పెట్టుబడుల రంగం కూడా ఉంది. మన దేశంలో టాటా ఎథికల్ ఫండ్ 1996 నుంచి నడుస్తోంది. ఇస్లామిక్ ఫైనాన్స్ సంస్థలకు అకౌంటింగ్ ప్రమాణాలు రాసే 'ఆయోఫీ' సంస్థ బహ్రెయిన్‌లో ఉంది. ఫలానా ఉద్యోగం హలాల్ అవునా కాదా అన్న అనుమానం వస్తే, ఆ పని వివరాలన్నీ తెలుసుకుని మీరు నమ్మే ముఫ్తీ సాహెబ్‌ని అడగండి. వివరం తెలియకుండా కోర్సే మానేయడం తొందరపాటు.

గల్ఫ్‌కు వెళ్లాలన్నా ఇదే మెట్టు

యూఏఈ, సౌదీ దేశాల్లో 2018 జనవరి 1 నుంచి వ్యాట్ అమల్లో ఉంది. సౌదీలో 2020లో అది 15 శాతానికి పెరిగింది. యూఏఈలో 2023 నుంచి కార్పొరేట్ ట్యాక్స్ కూడా వచ్చింది. అంటే అక్కడి చిన్న కంపెనీకి కూడా లెక్కలు తెలిసినవాళ్లు కావాలి. ఇంటర్‌తో వెళ్లే అబ్బాయికీ, డిగ్రీ, రెండేళ్ల అనుభవంతో వెళ్లే అబ్బాయికీ వీసాలోని హోదా నుంచి జీతం దాకా తేడా ఉంటుంది.

అమ్మాయిల విషయంలో

నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి వైపు వెల్స్ ఫార్గో, జేపీ మోర్గాన్, స్టేట్ స్ట్రీట్ లాంటి కంపెనీల పెద్ద ఆఫీసులున్నాయి. షిఫ్ట్ వేళలు, క్యాబ్ సౌకర్యం, నమాజుకు వీలు గురించి ముందే అడిగి తెలుసుకోవచ్చు. ఇందులో మొహమాటం అక్కర్లేదు. దూరం పంపడం కుదరదంటే దగ్గరి ఆడిటర్ ఆఫీసుతో మొదలుపెట్టవచ్చు. ఆడిట్, ట్యాక్స్ పని చేతికొచ్చాక కొంత ఇంటి నుంచీ చేసుకోవచ్చు. పెళ్లి తర్వాత వేరే ఊరు వెళ్లినా ఆ పని వెంట వస్తుంది.

మోసపోకండి

ఇంటర్న్‌షిప్ ఇస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మొద్దు. పని లేకుండా సర్టిఫికెట్ మాత్రమే ఇచ్చే చోటు వల్ల ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. చేరేటప్పుడు ఎన్ని నెలలు, ఏ పని, ఎవరు నేర్పుతారు అన్న మూడు సంగతులు కాగితం మీద రాయించుకోవాలి.

ఇక వరస ఇలా పెట్టుకోవచ్చు. మొదటి ఏడాది ట్యాలీ, ఎక్సెల్, ఇంగ్లిష్. రెండో ఏడాది సెలవుల్లో దగ్గరి ఆఫీసులో పని. మూడో ఏడాది పూర్తి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్. చేసిన ప్రతి పనినీ తేదీతో ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఉద్యోగం కోసం బయోడేటా రాసేటప్పుడు, ఇంటర్వ్యూకు వెళ్లే ముందు రాత్రి, ఆ నోట్‌బుక్కే అక్కరకొస్తుంది.