మధ్యలో ఆరిపోయే గీజరు

మన క్లాసులో చాలామంది ఇళ్లల్లో గ్యాస్ గీజరే. డిసెంబరు వచ్చిందంటే అందరిదీ ఒకటే గోల: "తలకి పోసుకుంటూ ఉంటే మధ్యలో ఆరిపోయిందే!" మా ఇంట్లోనూ అదే జరిగింది. దాని వెంటపడి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

కరెంటు గీజరులాగా దీంట్లో నీళ్లు నిలవ ఉండవు. కొళాయి తిప్పగానే నీళ్ల ఒత్తిడికి లోపల ఒక రబ్బరు పొర కదిలి చిన్న స్విచ్చిని నొక్కుతుంది. రెండు పెద్ద బ్యాటరీ సెల్లుల బలంతో నిప్పురవ్వ వస్తుంది, గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది, మంట అంటుకుంటుంది. మంట దగ్గర ఒక సన్నని కడ్డీ ఉంటుంది. మంట ఉందా లేదా అని కనిపెట్టేది అదే. లేదనిపిస్తే వెంటనే గ్యాస్ ఆగిపోతుంది. అంటే ఆరిపోయిన ప్రతిసారీ గీజరు చెడిపోయినట్టు కాదు. చాలాసార్లు అది ఏదో చూసే ఆగింది.

కాబట్టి ముందు గడియారం చూడండి. ఎంతసేపటికి ఆరిందో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

అంటుకున్న కొన్ని సెకన్లకే ఆరితే సెల్లులు మార్చండి. పాత సెల్లుల్లో రవ్వ వచ్చేంత బలం ఉంటుంది కానీ వాల్వుని తెరిచి పట్టుకునేంత ఉండదు. "రవ్వ వస్తోంది కదా, సెల్లు బాగానే ఉంది" అనుకుని మోసపోయేది ఇక్కడే. కొత్తవి వేసినా అంతే అయితే ఆ కడ్డీకి మసి పట్టి ఉండొచ్చు. అది మెకానిక్ పని.

వంటింట్లో ఎవరో కొళాయి తిప్పినప్పుడల్లా ఆరితే ఒత్తిడి చాలడం లేదు. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో ఒత్తిడి ఉంటుంది. ఒక్క అంతస్తు ఇంటి మీద ట్యాంకు పెడితే 3 మీటర్లు దొరకడమే గొప్ప, అంటే 0.3 కిలో. అది అంతంతమాత్రం. ఇక బోరునీళ్ల ఇళ్లల్లో, నీళ్లు వచ్చే గొట్టం దగ్గరి చిన్న జల్లెడలో ఇసుకా సున్నమూ పేరుకుంటాయి. మా అవ్వ ఉడుకునీళ్ల కాగు అడుగున తెల్లగా పట్టేది కూడా ఈ సున్నమే. నీళ్లు కట్టేసి జల్లెడ విప్పి కడిగితే చాలాసార్లు సరిపోతుంది.

ఎండాకాలంలో నీళ్లు ముందే వెచ్చగా ఉండి ధార సన్నగా ఉంటే, మరీ వేడెక్కి ఆగుతుంది. కొన్ని మోడళ్లు 20 నిమిషాలకి వాటంతట అవే ఆగుతాయి. దానికి మెకానిక్కుని పిలిస్తే నవ్వుతాడు!

మాది ఇవేవీ కాదు. ఏడెనిమిది నిమిషాలు బాగా మండి ఆరేది. చెల్లెలు బయటికొచ్చి తలనొప్పి అనేది. పరగడుపున పోసుకుంటే అంతే అనేది అమ్మ. వచ్చిన మెకానిక్ "సెన్సరు వైర్లు రెండూ కలిపేస్తే ఇంక ఆగదు సార్" అన్నాడు. నాయన వద్దన్నాడు. ఆ రోజు బాత్రూము తలుపు బార్లా తీసి, లోపల ఎవరూ లేకుండా కొళాయి తిప్పి వదిలాం. పదిహేను నిమిషాలైనా ఆరలేదు. తలుపు మూస్తేనే ఆరుతోందంటే దానికి చాలనిది గాలి. చలి వస్తోందని వెంటిలేటరుకి అట్ట అడ్డం పెట్టింది మేమే.

మంటకి ఆక్సిజన్ చాలకపోతే గ్యాస్ సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. సిలిండరు గ్యాసుకైతే లీకైనప్పుడు తెలియాలని వాసన కలుపుతారు. దీనికి వాసనా లేదు, రంగూ లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, ఆపైన స్పృహ తప్పడం. లోపల గడియ పెట్టి ఉంటే బయటివాళ్లకి తెలియనే తెలియదు. గీజరు ఎటూ ఆరిపోతుంది కదా అని ధైర్యంగా ఉండకూడదు, ఆరేలోపే ఆ వాయువు చేరొచ్చు. మంట నీలంగా కాక పసుపుగా కనిపిస్తే వాడడం ఆపాల్సిందే. తల తిరిగినట్టనిపిస్తే కొళాయి కట్టేసి, తలుపు తీసి, వెంటనే బయటి గాలిలోకి రావాలి. స్పృహ తప్పితే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు మా గీజరు వెనక వసారా గోడకి ఉంది, పైపు మాత్రమే లోపలికి వస్తుంది. అట్ట తీసేశాం. అంత దూరం వచ్చేసరికి నీళ్ల వేడి తగ్గిపోతోందని చెల్లెలు రోజూ గొణుగుతుంది. తలనొప్పి మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.