కాన్సర్ వచ్చిన హీరో నవ్వించాడు

తెర మీద హీరో రెండుసార్లు దగ్గి, జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, దాని మీద ఎర్ర మరక చూసుకున్నాడంటే చాలు. నేల టికెట్టు మీద కూర్చున్న ఆడవాళ్లు కొంగులు సర్దుకునేవారు. కథ ఎలా ముగుస్తుందో ఇక వేరే చెప్పనక్కరలేదు. మైపాడు, కొత్తకోడూరు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె వంటి నెల్లూరు తీరం పల్లెల్లో కాన్సర్ అనే మాట చాలామందికి తెలిసింది డాక్టర్ల వల్ల కాదు, సినిమాల వల్లనే.

అంతకు ముందు పెద్దవాళ్లు రాచపుండు అనేవారు. ఇంకొందరు పేరే ఎత్తకుండా ‘పెద్ద జబ్బు’ అని గొంతు తగ్గించేవారు. సినిమా వచ్చాక జబ్బుకు ఇంగ్లీషు పేరు వచ్చింది గాని, గొంతు మాత్రం పెరగలేదు. పైగా సినిమా వల్ల ఒక నమ్మకం గట్టిపడింది. ఆ జబ్బు వస్తే మనిషి పోతాడు. మందు లేదు. వున్నన్నాళ్లు ఎవరికీ చెప్పకుండా దాచుకోవడమే మర్యాద.

దాచుకున్న ప్రేమికుడు

ఈ నమ్మకానికి పట్టం కట్టిన సినిమా ‘ప్రేమాభిషేకం’. దాసరి నారాయణరావు రాసి, తీసిన ఈ చిత్రం 1981లో విడుదలైంది. అక్కినేని నాగేశ్వరరావు హీరో. శ్రీదేవి, జయసుధ నాయికలు. తనకు కాన్సర్ అని తెలిసిన హీరో ఆ సంగతి ప్రేమించిన పిల్లకు చెప్పడు. తనను అసహ్యించుకుంటే గాని ఆమె మరొకరిని పెళ్లాడదని, వేశ్య ఇంట మకాం వేసినట్టు నాటకం ఆడతాడు. జనం వెక్కి వెక్కి ఏడ్చారు. సినిమా కొన్ని కేంద్రాల్లో ఏడాదికి పైగా ఆడింది.

కథగా చూస్తే త్యాగం గొప్పదే. కాని ఆ సినిమాలో చికిత్స ఎక్కడ? రోగం బయటపడిన దగ్గర నుంచి చివరి సీను దాకా హీరోకు వున్న పనల్లా త్యాగం చేయడమే.

ఊటీలో అల్లరి పిల్ల

ఎనిమిదేళ్లు తిరిగేసరికి అదే ఇంటి అబ్బాయి అదే జబ్బుతో తెర మీదకు వచ్చాడు. 1989లో మణిరత్నం తెలుగులో తీసిన ‘గీతాంజలి’లో నాగార్జున పేరు ప్రకాష్. చదువు ముగించి పట్టా పుచ్చుకున్న ఉత్సాహంలో వున్న కుర్రాడు. కారు ప్రమాదం జరుగుతుంది. దెబ్బలు చూడబోతే కాన్సర్ బయటపడుతుంది. ఇంట్లో వాళ్ల ఏడుపులు భరించలేక ఊటీకి వెళ్లిపోతాడు.

ఇక్కడి దాకా పాత దారే. ఆ తర్వాతే కథ వేరే దారి పట్టింది. ఊటీలో అతనికి గీతాంజలి అనే పిల్ల ఎదురవుతుంది. వయసు చిన్నది, నోరు పెద్దది. పిల్లలను వెంటేసుకుని రాత్రిపూట దయ్యం వేషంతో మనుషులను హడలగొట్టడం, లేచిపోదాం రమ్మని ముఖం మీదే అడిగి మగవాణ్ణి బిత్తరపోయేలా చేయడం ఆమెకు కాలక్షేపం. ఈ పిల్లకూ గుండె జబ్బు. ఎక్కువ రోజులు బతకదని ఆమెకూ తెలుసు, డాక్టరైన తండ్రికీ తెలుసు. చావు గురించి ఆమె రేపటి వాన గురించి మాట్లాడినంత తేలికగా మాట్లాడుతుంది. ఏడవడానికి తువ్వాలు సిద్ధం చేసుకుని వచ్చిన జనం సగం సినిమా నవ్వుతూనే కూర్చున్నారు.

ఇందులో అసలు మెలిక చాలామంది గుర్తుపెట్టుకున్నది. తన చావును ఆటగా తీసుకున్న పిల్ల, ప్రకాష్‌కూ జబ్బు వుందని తెలియగానే నిలువునా కూలిపోతుంది. తన సంగతి వేరు, అతను పోవడం వేరు. రోగి పక్కన వున్నవాళ్ల బాధ ఏమిటో ఆ ఒక్క మలుపులో చెప్పేశారు. చివరి సీను రైల్వే స్టేషనులో. ఇద్దరూ కలుస్తారు. ఎవరూ చావరు. ఎన్నాళ్లు బతుకుతారో లెక్క చెప్పకుండానే సినిమా అయిపోతుంది.

తిరునాళ్లకు టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి వేపచెట్టు కింద బొమ్మ వేసే రోజులవి. హీరో చావకుండానే ‘శుభం’ పడితే అది ఏమి ముగింపు అనుకునే పెద్దలు వుండేవారు. కుర్రకారుకు మాత్రం ఆ ముగింపే నచ్చింది. ఇళయరాజా సంగీతం, వేటూరి పాటలు, పి.సి.శ్రీరామ్ కెమెరాలో ఊటీ మంచు కూడా కలిసివచ్చాయనుకోండి. నెల్లూరు వాళ్లు తమవాడని చెప్పుకునే ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం ‘ప్రేమాభిషేకం’లోనూ పాడారు, ‘గీతాంజలి’లోనూ పాడారు. చక్కని వినోదం అందించిన ప్రజాదరణ చిత్రంగా ‘గీతాంజలి’కి జాతీయ అవార్డు వచ్చింది.

మద్రాసు రైలు

అయితే ఈ సినిమాలోనూ ఒక లోటు వుంది. ప్రకాష్ ఊటీకి వెళ్లాడు గాని అడయారుకు వెళ్లలేదు. కాన్సర్ వచ్చిన కుర్రాడికి కొండ మీద బంగళా దొరికింది, మంచి పాటలు దొరికాయి, వార్డులో మంచం మాత్రం దొరకలేదు. సముద్రం మీద వేటకు వెళ్లి పొట్ట పోసుకునే ఇంటి పిల్లవాడికి ఊటీ ఎక్కడిది?

మద్రాసు అడయారులోని కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అప్పటికి ముప్పయి అయిదేళ్ల సంస్థ. సొంత చెల్లెలిని ఈ జబ్బు మింగేయగా చూసిన డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి పట్టుదలతో 1954లో 12 మంచాలతో మొదలైంది. మరుసటి ఏడాది చేరిన డాక్టర్ వి.శాంత 2021లో కన్నుమూసే దాకా ఆ ఆస్పత్రినే ఇల్లు చేసుకున్నారు. నెల్లూరు నుంచి మద్రాసు రైలులో పట్టుమని 180 కిలోమీటర్లు. హైదరాబాదు కంటే ఎంతో దగ్గర. తీరం పల్లెల వాళ్లు పెద్ద జబ్బు అంటే మద్రాసు బండి ఎక్కడం అందుకే.

‘గీతాంజలి’ జనం చూస్తున్న రోజుల్లోనే ఆ ఆస్పత్రిలో ఒక పెద్ద మార్పు జరుగుతోంది. పిల్లలకు, కుర్రవాళ్లకు వచ్చే ఒక రకం రక్త కాన్సర్‌కు 1980ల మధ్యలో అడయారు, బొంబాయి టాటా ఆస్పత్రి, ఢిల్లీ ఎయిమ్స్ కలిసి ఒకే మందుల పద్ధతి పాటించడం మొదలుపెట్టాయి. అంతకు ముందు అయిదుగురిలో ఒకరు బతికితే గొప్ప అనుకునే జబ్బు అది. కొత్త పద్ధతితో సగం మంది దాకా, ఒకచోట అంతకు మించి నిలబడ్డారు. ఈ సంగతి ఏ సినిమావాళ్ల చెవినా పడలేదు.

ఇరవైలలో వచ్చే మరో కాన్సర్ వుంది. మెడ పక్కన, చంకలో నొప్పి లేని గడ్డలు లేస్తాయి. సాయంత్రం జ్వరం, రాత్రి చెమట, మనిషి చిక్కిపోవడం. క్షయ అనుకుని నెలల తరబడి ఆ మందులే మింగేవాళ్లు ఎక్కువ. గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపితే గాని తేలదు. హాడ్జికిన్స్ అనే ఈ రకం తొందరగా పట్టుకుంటే ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది. నయమయ్యే జబ్బుతో మనుషులు పోవడానికి కారణాల్లో డబ్బు ఒకటి. దాచుకోవడం ఇంకొకటి. పెళ్లి కావలసిన పిల్ల మెడ మీద గడ్డను పైట చెంగుతో కప్పి వుంచితే, పెళ్లికొడుకు వారికి తెలియకపోవచ్చు. గడ్డకు ముహూర్తాలతో పని లేదు.

తండ్రి చెప్పేశాడు

తెర మీద జబ్బు దాచిన నాగేశ్వరరావు, తన సొంత జబ్బును దాచలేదు. 2013 అక్టోబరులో విలేకరులను పిలిచి, తనకు కడుపులో కాన్సర్ వచ్చిందని తానే చెప్పారు. అప్పుడాయనకు తొంభై నిండాయి. కొడుకు, మనవడితో కలిసి ‘మనం’లో నటిస్తున్నారు. ఆపరేషను తర్వాత ఇంట్లోనే వుండి తన పాత్రకు డబ్బింగు చెప్పి ముగించారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. అదే ఏడాది మే నెలలో సినిమా విడుదలైంది. అందులో ఆయన నవ్విస్తారు కూడా.

చెప్పేయడంలో వున్న తేడా ఇది. ‘ప్రేమాభిషేకం’ చూసి ఏడ్చిన తరం ఈ వార్త చూసి బెంగపడింది గాని, కాన్సర్ పేరు పలకడానికి అప్పుడు అంత జంకలేదు.

బాత్రూములో పుస్తకం

ఇదే సంగతి మీద అమెరికాలో 2011లో ‘ఫిఫ్టీ ఫిఫ్టీ’ అనే సినిమా వచ్చింది. రాసినతను విల్ రైజర్. ఇరవై అయిదేళ్ల ప్రాయంలో అతనికి వెన్నెముక దగ్గర కంతి లేచింది. బాగుపడ్డాక, జరిగింది నవ్వుతూ చెబుదామని పక్కన నిలబడ్డ స్నేహితుడు సేత్ రోగన్ పురికొల్పాడు. సినిమాలో స్నేహితుడి వేషం కూడా రోగనే వేశాడు. బతికే అవకాశం సగం, పోయే అవకాశం సగం. పేరుకు అర్థం అదే.

ఆ స్నేహితుడు చూడబోతే ఒట్టి తిరుగుబోతు. రోగిని వెంటబెట్టుకుని, అతని జబ్బు చెప్పి ఆడపిల్లల జాలి సంపాదించాలని చూస్తాడు. వీడికి నా బాధ పట్టదు అని రోగి ఒకరోజు మండిపడతాడు. తర్వాత అతని బాత్రూములో ఒక పుస్తకం కనబడుతుంది. కాన్సర్ రోగి పక్కన వున్నవాళ్లు ఎలా మెలగాలో చెప్పే పుస్తకం. పేజీలు మడిచి, గీతలు గీసి, చదివి నలిగిపోయి వుంటుంది. ఇందులో మందులు ఎక్కించడం వుంది, జుట్టు గొరిగించుకోవడం వుంది, వాంతులు వున్నాయి, ఆపరేషను వుంది. కుర్రాడు బతుకుతాడు. మన సినిమాలు దాటవేసిన నడిమి భాగమంతా ఇదే.

దగ్గరలోనే ఆస్పత్రి

ఈనాటి సంగతికి వస్తే, పరీక్షల కోసం అందరూ మద్రాసు పరుగెత్తనక్కరలేదు. నెల్లూరు పట్నంలోనే రెడ్‌క్రాస్ వారి కాన్సర్ ఆస్పత్రి వుంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేద కుటుంబాలకు కాన్సర్ చికిత్స ఖర్చు ఆ పథకం కిందకు వచ్చింది. ప్రభుత్వాలతో పాటు పథకం పేరు మారుతూ వచ్చింది గాని కాన్సర్ అందులోంచి పోలేదు. మూడు వారాలు దాటినా మానని నోటి పుండు, తగ్గని గడ్డ, కారణం లేకుండా తగ్గే బరువు వుంటే చూపించుకోమని డాక్టర్లు చెబుతారు. చుట్ట తాగేవాళ్లు, పొగాకు నమిలేవాళ్లు మరీ ముందు వెళ్లాలి.

నెల్లూరు వాళ్లకు ఆరోగ్యం కోసం వెళ్లే చోటు మరొకటి కూడా వుంది. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువులో, బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె. కోరిక వున్నవాళ్లు మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఫలానా రొట్టె కావాలని అడిగి పుచ్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు వచ్చి అదే పేరు రొట్టె మరొకరికి ఇచ్చిపోతారు. కులం లేదు, మతం లేదు.

రొట్టె మందు కాదు. ఆ మాట అక్కడికి వచ్చేవాళ్లకూ తెలుసు. కాని ఇంట్లో గుసగుసగా చెప్పుకునే మాటను ఆ నీళ్లలో అందరూ వినేలా అనాలి. ఆరోగ్య రొట్టె పట్టుకుని నిలబడ్డ మనిషిని ఏ జబ్బు తగ్గింది, ఎక్కడ చూపించారు, ఎంతకాలం పట్టింది అని అడిగితే విసుక్కోకుండా చెబుతారు. ఆస్పత్రి పేరు, వార్డు, ఏ బండికి వెళితే పొద్దున్నే చీటీ దొరుకుతుందో కూడా చెబుతారు. రొట్టె తీసుకుని తిని, తడిసిన చీరె కుచ్చిళ్లు పిండుకుని, సాయంత్రం మద్రాసు బండికి స్టేషను దారి పట్టేవాళ్లూ ఆ గుంపులో వుంటారు.