పిల్లర్లు లేని ఇల్లు కొనొచ్చా?

హైదరాబాద్‌లో రాంనగర్, చిక్కడపల్లి గల్లీల్లో ఇల్లు చూడబోయిన వాళ్లు ముందుగా అడిగేది ‘పిల్లర్లున్నాయా?’ అనే. ఉన్నాయంటే సగం బేరం కుదిరినట్టే. గర్డర్ల మీద షాబాద్ బండలు పరిచిన పాత ఇల్లయినా, నిండా కాంక్రీటు గోడలతో పోసిన కొత్త ఫ్లాటయినా ‘మామూలు కట్టడం కాదు’ అని వెనక్కి తగ్గుతారు.

అపోహ: పిల్లర్లు లేకపోతే బలముండదు.

వాస్తవం: పైబరువు పునాదికి చేరాలి. అది పిల్లర్ల ద్వారానే చేరాలని లేదు, గోడలూ మోస్తాయి. కాంక్రీటు గోడల (షియర్ వాల్) పద్ధతిలో అల్యూమినియం అచ్చులు బిగించి గోడలూ స్లాబూ కలిపి పోస్తారు. ‘మైవాన్’ అని మనవాళ్లు అంటున్నది ఆ అచ్చులు తెచ్చిన కంపెనీ పేరే. ఆంధ్రలో ప్రభుత్వ టిడ్కో ఇళ్లు కట్టింది ఈ పద్ధతిలోనే. సరిగ్గా పోస్తే భూకంపానికి పిల్లర్ల ఇంటికంటే ఇదే బాగా నిలుస్తుంది. ఇబ్బందులు లేవని కాదు. డ్రిల్లు లేనిదే మేకు దిగదు, పడమటి గోడ వేసవిలో రాత్రి దాకా సెగలు కక్కుతుంది. వంటగదిని హాల్లో కలుపుదామని గోడ కోయడం మాత్రం కుదరనే కుదరదు.

గోడలే మోసే పాత ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. రోడ్డువైపు గోడ తీసేసి దుకాణానికి షట్టరు పెట్టిన ఇల్లు కనిపిస్తే, పైబరువును ఇప్పుడు ఏది మోస్తోందో అడగండి.

అపోహ: పిల్లర్లుంటే భయం లేదు, పైన ఇంకో అంతస్తు కూడా వేసుకోవచ్చు.

వాస్తవం: టెర్రస్ మీద వదిలేసిన రాడ్లు చూపించి ఈ ఆశ అమ్ముతారు. ఏళ్లతరబడి వానకు నాని ఆ రాడ్లు పొరలు పొరలుగా రాలుతుంటాయి. పునాదిని ఎన్ని అంతస్తులకు వేశారో డ్రాయింగులో ఉండాలి. పర్మిషనేమో రోడ్డు వెడల్పును బట్టి వస్తుంది.

అసలు శత్రువు తుప్పు. సిమెంటులోని క్షారగుణం లోపలి ఇనుమును కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్లు గడిచేకొద్దీ ఆ గుణాన్ని తినేస్తుంది. తేమ తగిలి తుప్పెక్కిన రాడ్డు ఉబ్బి, పైనున్న కాంక్రీటును బయటికి తోసేస్తుంది. సజ్జల అడుగున, బాత్రూం కింది సీలింగులో రాడ్డు వెంబడే తిన్నగా సాగిన పగులు, ఎర్రటి మరక ఉన్నాయేమో చూడండి. చిన్న సుత్తితో తడితే డొల్ల మోత వినిపిస్తుంది. అప్పుడే కొట్టించిన పుట్టీ, రంగు వీటన్నిటినీ కప్పేస్తాయి. ఇంజనీర్లు కాంక్రీటును కాస్త చెక్కి ఫినాఫ్తలీన్ చల్లుతారు. గులాబీ రంగు తేలితే క్షారం మిగిలి ఉన్నట్టు, తేలకపోతే అక్కడ రాడ్డుకు రక్షణ పోయినట్టు.

అపోహ: బ్యాంకు లోనిచ్చిందంటే ఇల్లు గట్టిదే.

వాస్తవం: బ్యాంకు చూసేది కాగితాలు, విలువ, ఇంటికి ఇంకెన్నేళ్ల ఆయుష్షుందన్న అంచనా. కాంక్రీటును పరీక్షించడం దాని పని కాదు. షియర్ వాల్ అయినంత మాత్రాన లోను ఆగదు.

కట్టడం కంటే ముందు చూడాల్సింది స్థలం. 2024 ఆగస్టులో ప్రభుత్వ సంస్థ హైడ్రా రాంనగర్ మణెమ్మ గల్లీలో నాలా ఆక్రమణలను కూల్చింది. నాలా మీదున్న ఇంటికి ఎన్ని పిల్లర్లుంటే ఏం లాభం?

బయానా ఇచ్చేముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును వెంటబెట్టుకెళ్లండి. ఇంటాయన వద్దంటే ఆ ఇల్లు వదిలేయండి.